నిన్న మిగిలిన మొగ్గలు

ఆ సీజన్‌లో నేను మా అమ్మాయి కింద పనికి చేరాను. అప్పటికి నాకు అరవై రెండేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు సొంత దుకాణంలో గడియారాలు బాగుచేసినవాణ్ణి, ఒకరి కింద పనిచేసి ఎరగను. మొదటి రోజు పరిశోధన కేంద్రం గేటు దగ్గరే నన్ను ఆపి అమ్మాయి ఒక షరతు పెట్టింది.

"లోపల నన్ను అమ్మాయీ, తల్లీ, చిట్టీ అని పిలవకూడదు నాన్నా."

"మరేమని పిలవాలి?"

"అందరూ ఎలా పిలుస్తారో అలాగే."

"చిత్తం మేడమ్," అన్నాను నడుం వంచి మరీ. గేటు దగ్గర కాపలా ఆయన నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. అమ్మాయికి ఒళ్లు మండింది. నాకు మాత్రం ఆ రోజంతా హాయిగా గడిచింది.

అసలు ఎలా చేరానో చెప్పాలి. మా అమ్మాయి శాస్త్రవేత్త. సోయాచిక్కుడు మీద పని. వాళ్ల కేంద్రంలో తెల్లపువ్వు పూసే సోయా రకం ఒకటి ఉంది. దిగుబడికి తిరుగులేదు, కానీ దానికో పాడు గుణం. ఎండిన కాయని నాలుగు రోజులు ఆలస్యంగా కోస్తే చాలు, ఎండకి ఫట్ ఫట్‌మని పగిలి గింజలన్నీ నేలపాలు చేస్తుంది. ఇంకో పాత రకం ఉంది. ఊదాపువ్వు, పిసరంత నల్ల గింజ, ఎవరూ పండించరు. కానీ దాని కాయ నెల రోజులు ఎండలో నిలబెట్టినా నోరు విప్పదు. అలా నోరు కట్టేసే జన్యువు ఏదో మా అమ్మాయి మూడేళ్లు కూర్చుని పట్టుకుంది. ఇక దాన్ని తెల్లపువ్వు రకంలోకి తేవాలి. అందుకు మంత్రాలేమీ లేవు. తెల్లపువ్వు మొగ్గని విప్పి, అందులో ఊదాపువ్వు పుప్పొడి రాయడమే. దాన్నే వాళ్లు క్రాసింగ్ అంటారు. ఆ మొగ్గ పెసరగింజ కంటే కాస్త పెద్దది, అంతే.

డైరెక్టరు ఆమెకి ఒకటే మాట చెప్పాడు. సీజన్ ముగిసేసరికి మూడు వందల నిజమైన క్రాసింగ్ మొలకలు చూపిస్తే రెండో ఏడాది కూడా ఆ మడి, ఆ ల్యాబు ఆమెవే. లేదంటే మడి వేరే పంటవాళ్లకి పోతుంది, మూడేళ్ల పని అటకెక్కుతుంది. సరిగ్గా పూత వారం రోజుల్లో మొదలవుతుందనగా, క్రాసింగ్ చేసే ఇద్దరు అమ్మాయిలు వేరే చోట ఉద్యోగాలొచ్చి వెళ్లిపోయారు.

"మనుషులు దొరుకుతారమ్మా, చెయ్యి దొరకదు," అంది ఆ సాయంత్రం భోజనాల దగ్గర వాళ్లమ్మతో. "మొగ్గ మీద కాస్త ఒత్తిడి పడినా నలిగిపోతుంది. చెయ్యి వణక్కూడదు. గంటలకొద్దీ వంగి కూర్చునే ఓపిక ఉండాలి."

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. నాన్చడం ఆమెకి తెలియదు. "మీ నాన్న దుకాణంలో ఈగలు తోలుకుంటున్నారుగా. తీసుకుపో," అంది.

ఆ మాటకి నాకు రోషం రావాలి. వచ్చింది కూడా. కానీ అబద్ధమేమీ కాదు. జనం టైము ఫోన్‌లో చూసుకోవడం మొదలుపెట్టాక, నా దుకాణం మెట్లెక్కేవాళ్లలో సగం మంది పక్క షాపు ఎప్పుడు తెరుస్తారో కనుక్కోవడానికే ఎక్కేవారు.

మర్నాడు అమ్మాయి ముందే మొగ్గ తొడిగిన మొక్కల నుంచి తడి దూదిలో చుట్టి అయిదు మొగ్గలు తెచ్చింది. నేను భూతద్దం కంటికి పెట్టుకుని, చేతిగడియారాల్లో వెంట్రుకంత స్ప్రింగు పట్టుకునే ట్వీజరుతో, అయిదింటినీ ఒకదాని తర్వాత ఒకటి రేకు చిరగకుండా విప్పి బల్ల మీద పెట్టాను. అమ్మాయి వాటిని ఒక్కొక్కటే ఎత్తి చూసింది. లోపలికి వెళ్లి అప్లికేషన్ ఫారం పట్టుకొచ్చింది.

మడిలో నాకు తోడుగా ఒకావిడ ఉండేది. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తోంది. పేరుతో ఎవరూ పిలవరు, చిన్నా పెద్దా అందరికీ ఆమె పువ్వులక్కే. నాకంటే పన్నెండేళ్లు చిన్నదైనా నేనూ పువ్వులక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను అన్నయ్యగారూ అనేది. మా అమ్మాయి మొదటి మూడు రోజులూ మా ఇద్దరి మధ్య చిన్న స్టూలు వేసుకుని కూర్చుని దగ్గరుండి నేర్పింది.

"సోయా పువ్వు తలుపు తీయకముందే లోపల దాని పని అది కానిచ్చేసుకుంటుంది. దాని పుప్పొడి దానికే అంటుకుంటుంది. అంతకు ఒక్క పూట ముందు మనం లోపలికి వెళ్లాలి. అదిగో, తెల్ల రేకు అంచు కనిపించీ కనిపించనట్టు ఉంది చూడండి, అలాంటి మొగ్గ. సాయంత్రం మర్నాటికి సిద్ధమయ్యేవి చూసుకుని వాటికి ఎర్రదారం కట్టుకోండి. పొద్దున తొమ్మిదిన్నర లోపు పుప్పొడి రాసి ట్యాగు కట్టేయాలి. ఆ రోజు చేయలేకపోయిన మొగ్గల్ని గిల్లి పారేయండి. మర్నాటికి ఉంచొద్దు."

"సరే మేడమ్," అన్నాను.

మూడు రోజులూ రోజుకి అయిదారు మొగ్గలే ఇచ్చింది కాబట్టి ఏదీ మిగల్లేదు. నాలుగో రోజు నుంచి అమ్మాయి ల్యాబులో ఆకుల పరీక్షల్లో పడిపోయింది, నాకు పాతిక మొగ్గలు అప్పజెప్పింది. తొమ్మిదిన్నరకి చూస్తే ఆరు మిగిలాయి. గిల్లడానికి చెయ్యి చాచాను, రాలేదు.

నా దుకాణానికి ఒక పద్ధతి ఉంది. నిన్నటి గడియారం బల్ల మీద ఉండగా ఇవాళ్టి గడియారం మూత తీయను. ఎంత పెద్ద మనిషి వచ్చినా, ఎంత తొందర అన్నా సరే. నిన్నటి నుంచి ఎదురుచూస్తున్నవాడిది ముందు. ఈ ఒక్క నియమంతోనే నాకు ఊరంతా మంచి పేరు వచ్చింది. అలాంటివాణ్ణి, ఎర్రదారం కట్టి మరీ రేపు చూస్తానని మాట ఇచ్చిన మొగ్గని గిల్లి పారేయమంటే ఎలా? అమ్మాయి చెప్పింది బద్ధకస్తుల కోసం అనుకున్నాను. మర్నాడు ఆరింటికే వెళ్లి, ముందు ఆ ఆరింటికీ పుప్పొడి రాసి, తర్వాత కొత్తవి మొదలుపెట్టాను. దాంతో ఆ రోజు పది మిగిలాయి. వాటిని మర్నాడు ముందు చేశాను. ఇంకా ఎక్కువ మిగిలాయి. ఇక క్యూ ఎప్పుడూ ఒక రోజు వెనకే నడిచింది. నాకది తప్పనిపించలేదు. నా దుకాణం బాగా నడిచిన రోజుల్లోనూ అంతే.

వారం తిరిగేసరికి నా మొక్కల మీద పిందెలు కనిపించాయి. ఆకుపచ్చగా, నూగునూగుగా, ఒక్కో ట్యాగు కింద ఒక్కోటి. పువ్వులక్క నూరు మొగ్గలకి రాస్తే ముప్పై నిలిచేవి, అదే మంచి లెక్కట. నావి ఎనభై నిలిచాయి.

"అన్నయ్యగారూ, మీ చేతిలో ఏం మందుందో కాస్త మాకూ చెప్పండి," అంది పువ్వులక్క.

"మందేముంది, మర్యాద. మొగ్గనైనా సరే మర్యాదగా పలకరించాలి," అన్నాను. అంత ఎత్తున ఉంది నా ధీమా.

డైరెక్టరు కూడా వచ్చి చూశాడు. ఆయన చేతిగడియారం నాలుగు నిమిషాలు వెనక నడుస్తోంది, వచ్చిన మొదటి క్షణంలోనే గమనించాను. నా భుజం తట్టి, "ఈయన్ని ముందే పట్టుకురావాల్సింది," అన్నాడు మా అమ్మాయితో. ఆమె ట్యాగులు రెండు మూడు తిప్పి చూసి, ఒక్క క్షణం నా వైపు చూసి, ల్యాబుకి వెళ్లిపోయింది. అంతా కలిపి రెండు వందల డెబ్బై పైచిలుకు కాయలు, కాయకి రెండు గింజలనుకున్నా మూడు వందలు దాటి ఎక్కడికో పోతాం. ఆ లెక్కే డైరెక్టరు పైవాళ్లకి పంపాడని తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో ఇంట్లో నా గొప్పలు వినలేక మా ఆవిడ రాత్రి డ్యూటీ వేయించుకుంటానని బెదిరించేది.

పూత మొదలైన పంతొమ్మిదో రోజు. పని ముగించి నేనూ పువ్వులక్కా షెడ్డులో టీ తాగుతున్నాం.

"పొద్దున రాగానే మీరు ముందు ఏ మొగ్గలు పట్టుకుంటారు?" అని అడిగింది. ఆమెకి నా ఎనభై లెక్క నిద్రపట్టనివ్వడం లేదు మరి.

"నిన్నటివి."

"నిన్నటివంటే?"

"నిన్న మిగిలిపోయినవి. వాటి వంతు అయ్యాకే కొత్తవి."

పువ్వులక్క పకపకా నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపేసింది. టీ గ్లాసు కింద పెట్టింది.

"నిజంగానా అన్నయ్యగారూ? అంటే ఇన్నాళ్లూ మీరు పెళ్లయిపోయిన పిల్లలకి సంబంధాలు చూస్తున్నారన్నమాట."

నేను లేచి మడిలోకి వెళ్లాను. ఆ రోజు మిగిలిన మొగ్గలు నాలుగుంటే, మర్నాటి దాకా ఆగి, ఏ పుప్పొడీ రాయకుండా ఒకటి విప్పి భూతద్దంలో చూశాను. లోపల పసుపు పొడి అప్పటికే పట్టి ఉంది. రెండోది విప్పాను, మూడోది విప్పాను. అన్నీ అంతే. ఇన్నాళ్లూ ఆ పసుపు నేను చూడలేదా అంటే చూశాను. నేను రాసిందే అనుకున్నాను. మొగ్గ విప్పడం, రాయడం ఒకే ఊపులో చేసేవాణ్ణి. మధ్యలో ఆగి చూసింది లేదు, ఆగకపోవడమే పనితనం అనుకున్నాను. తల్లి పుప్పొడే తల్లికి అంటితే పుట్టేది అదే తెల్లపువ్వు, అదే పగిలే కాయ. నా ఎనభైలో నా చెయ్యి చేసిందేమీ లేదు, మొక్కలు వాటంతట అవి కాసుకున్నాయి.

సరాసరి ఇంటికి వచ్చాను. మా ఆవిడ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. అంతా చెప్పాను. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది.

"ఒక రోగికి ఇవ్వాల్సిన మందు వేళ తప్పి ఇచ్చాం. రెండు వారాలు అలాగే ఇచ్చాం. ఇప్పుడు తెలిసింది. డాక్టరుకి ఎప్పుడు చెబుతాం?"

"వెంటనే."

"మరి ఇక్కడికెందుకొచ్చారు?"

మళ్లీ బయల్దేరి, మడిలో నా ట్యాగులన్నీ లెక్కపెట్టుకుని వెళ్లాను. ల్యాబులో అమ్మాయి ఒక్కతే ఉంది. తెల్లకోటు వేసుకుని, ఆకుల్లోంచి గుండీ అంత ముక్కలు కత్తిరించి చిన్న చిన్న గొట్టాల్లో వేస్తోంది. ఆ గొట్టాలకి నెంబర్లు. ఒక్కటి తారుమారైతే వరస మొత్తం పాడవుతుందని ఎప్పుడో చెప్పింది, అందుకే ఆమె చేతిలో ముక్క గొట్టంలో పడేదాకా ఆగాను.

"మేడమ్, ఒక మాట."

చెప్పాను. దాచకుండా, నా దుకాణం నియమంతో సహా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే చిన్నపిల్లవాడి గొంతులా వినిపించి సిగ్గేసింది. ఆమె గొట్టాల వైపు చూస్తూనే వింది.

"ఎన్ని?"

"ట్యాగుల మీద టైము వేస్తాను కదా. ఏడున్నర లోపు కట్టినవన్నీ నిన్నటివే. లెక్కపెట్టాను. నావి రెండు వందల పద్నాలుగులో నూట నలభై తొమ్మిది."

"మిగిలినవి అరవై అయిదు."

"అవును." కాస్త ఆగి, బుద్ధి తక్కువై, ఇంకో మాట కూడా అన్నాను. "ఆ నూట నలభై తొమ్మిదిలోనూ కొన్ని మంచివి ఉండొచ్చేమో తల్లీ. మొలకలు వచ్చేదాకా ఎవరికీ చెప్పకుండా ఆగితే?"

అప్పుడు తలెత్తింది. "ఉండొచ్చు నాన్నా, నాలుగో అయిదో. కానీ ఆ కాయలు మొక్క మీద ఉన్నంతకాలం అది కొత్త పూతని రాల్చేస్తూ ఉంటుంది. దాని బలమంతా వాటికే పోతుంది. ఇప్పుడు కోసేస్తే ఇంకో ఎనిమిది, తొమ్మిది రోజులు పూస్తుంది. మనకి కావాల్సింది ఆ తొమ్మిది రోజులు."

"కోసేస్తే డైరెక్టరుకి చెప్పాలి కదా."

"చెప్పాలి." గొట్టానికి మూత పెట్టింది. "ఎనభై శాతం అనగానే నాకు అనుమానం వచ్చింది. ఎక్కడా అంత రాదు."

"మరి అడగలేదేం?"

"మీరు కదా అని."

తిట్టినా బాగుండేది. ముప్పై ఎనిమిదేళ్లలో ఎంతమంది ఎన్ని మాటలన్నారో, ఒక్కటీ అంత లోతుగా దిగలేదు.

మర్నాడు పొద్దున మడి రిజిస్టరు పట్టుకుని ఆమె డైరెక్టరు గదిలోకి వెళ్లింది. నేనూ వస్తానన్నాను, వద్దంది. బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు వేసి ఉంది, డైరెక్టరు గొంతు రెండుసార్లు పైకి లేచింది, ఆమె గొంతు ఒక్కసారీ లేవలేదు. ఇరవై రెండు నిమిషాల తర్వాత బయటికి వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. రిజిస్టరులో నా పేరు రాసి వచ్చి ఉంటుందనుకున్నాను. రాయాల్సిందే మరి, తప్పు నాది. అయినా లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది, కన్నకూతురే రాసిందని.

"నన్ను మానిపించారా?" అని అడిగాను.

"అది పూత అయ్యాక చూద్దాం. ఇప్పుడు చేతులు తక్కువగా ఉన్నాయి. కత్తెర తెచ్చుకోండి."

నూట నలభై తొమ్మిది కాయలూ నేనే కోశాను. పువ్వులక్క సాయం వస్తానంటే ఒప్పుకోలేదు. ఒక్కో ట్యాగు తిప్పి, టైము చదివి, కత్తెర పెట్టాను. కొన్ని అప్పటికే గింజ కట్టి బొద్దుగా ఉన్నాయి. పది రోజులుగా వాటిని చూసుకుని నేను ఎంత పొంగిపోయానో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. కోసినవన్నీ బుట్టలో వేసి, బుట్ట నిండాక, దాన్ని నేనే మోసుకెళ్లి కుప్పలో పోసి వచ్చాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు మా అమ్మాయి కూడా పొద్దున పూట ల్యాబు మానేసి మడిలోకి వచ్చింది. మొక్కలు నిజంగానే మళ్లీ పూత వేశాయి. నేనొక వరస, పువ్వులక్కొక వరస, మధ్యలో మేడమ్. మాటలు తక్కువ. తొమ్మిదిన్నర కాగానే పువ్వులక్క గడియారం చూడకుండానే, "అన్నయ్యగారూ, కొట్టు కట్టేయండి," అనేది. నేను మిగిలిన మొగ్గలన్నీ గోటితో గిల్లేసేవాణ్ణి. మొదటి రోజు పదకొండు గిల్లాను. ప్రాణం ఉసూరుమంది. మూడో రోజుకి అలవాటైంది. అయిదో రోజుకి, తొమ్మిదిన్నరకి ఏదీ మిగలకుండా దారం కట్టేటప్పుడే లెక్క చూసుకోవడం నేర్చుకున్నాను.

పిందెలు నిలిచాక పువ్వులక్క నా వరస లెక్కపెట్టింది. "ఇరవై ఎనిమిది శాతం," అంది.

జీవితంలో అంత తక్కువ మార్కులకి అంతగా పొంగిపోవడం అదే మొదలు. "ఇప్పుడు చెప్పు, నా చేతిలో ఏముంది?" అన్నాను.

"ఇప్పుడు చెయ్యే ఉంది," అంది పువ్వులక్క.

పూత అయిపోయింది. నన్ను మానిపించే మాట ఎవరూ ఎత్తలేదు, నేను కూడా తెలివిగా ఎత్తలేదు. కాయలు ముదిరేదాకా రెండు నెలలు. పురుగు తిన్నవి తీసేయడం, ట్యాగులు వానకి చెరిగిపోకుండా చూసుకోవడం. కాయ గోడ తల్లిదే కాబట్టి లోపలి గింజ ఏదైనా ఇవి కూడా ఎండకి పగులుతాయి, అందుకని ప్రతి కాయకీ కాగితం సంచి తొడిగాం. ఈలోగా ఒక సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ వాళ్లమ్మతో అంది, "ఈసారి సీనియర్ హోదా ఇవ్వలేదమ్మా. వచ్చే ఏడాది చూస్తారట."

"ఎందుకట?" అంది మా ఆవిడ.

"ఏవో కారణాలు."

"ఆ డైరెక్టరు గడియారమే నాలుగు నిమిషాలు వెనక నడుస్తుంది. మనుషుల్ని ముందుకేం తోస్తాడు?" అన్నాను నేను. అమ్మాయి నవ్వి లోపలికి పోయింది. మా ఆవిడ నవ్వలేదు. నన్నే కాసేపు చూసి, ఏదో అనబోయి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

కోతల నాటికి మడిలో మిట్టమధ్యాహ్నం నిలబడితే నాలుగు వైపులా చిటపటలు వినిపించేవి. ట్యాగు లేని కాయలు పగిలి గింజలు నా చొక్కా మీద పడేవి. మా అమ్మాయి మూడేళ్లుగా ఏ శబ్దంతో పోట్లాడుతోందో అప్పుడు నాకు బాగా అర్థమైంది. సంచుల్లో కాయలు కోసి, వలిచి, గింజలు లెక్కపెట్టాం. పురుగుకీ వానకీ సగం పోగా, మూడు వందల ఇరవై ఆరు. మూడు వందలకి పైన ఇరవై ఆరే. అందులో మొలవనివి ఉంటాయి, నిజం కానివి ఉంటాయి.

ట్రేలలో మట్టి నింపి, ఒక్కో గుంటలో ఒక్కో గింజ పెట్టాం. పరీక్ష తేలికే. ఊదాపువ్వు రకం రక్తం ఉన్న మొలకకి కాడ అడుగున ఊదారంగు ఉంటుంది. తల్లి ఒక్కదానిదే అయితే లేత ఆకుపచ్చ. కంటికి కనిపించిపోతుంది, భూతద్దం కూడా అక్కర్లేదు.

ఎనిమిదో రోజు డైరెక్టరు, పువ్వులక్క, నేను, మా అమ్మాయి ట్రేల గదిలో నిలబడ్డాం. పైన తెల్లటి లైట్లు, కింద వరసగా ట్రేలు, మొలకలు బెత్తెడు లేచి ఉన్నాయి. అమ్మాయి ఒక చివరి నుంచి, పువ్వులక్క ఇంకో చివరి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"ఊదా నూట యాభై ఒకటి," అంది పువ్వులక్క.

"నూట యాభై మూడు," అంది అమ్మాయి.

మూడు వందల నాలుగు. డైరెక్టరు స్వయంగా ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. మూడు వందలకి పైన అవే నాలుగు మిగిలాయి. "మడి నీదేనమ్మా," అన్నాడు. పువ్వులక్క కొంగుతో కళ్లొత్తుకుంది. మా అమ్మాయి తలూపి, థాంక్స్ చెప్పి, వాళ్లిద్దరూ వెళ్లేదాకా గట్టిగా నిలబడి, వెళ్లాక అక్కడున్న స్టూలు మీద కూలబడింది.

కాసేపటికి తేరుకుని, "ఆ రిజిస్టరు ఇలా ఇవ్వండి, లెక్క రాసేస్తాను," అంది.

బల్ల మీది రిజిస్టరు తీసి, ఎక్కడ రాయాలో చూద్దామని పేజీలు తిప్పాను. అంతకు ముందు నేను దాన్ని ముట్టుకున్నది లేదు. మధ్యలో ఆ పేజీ వచ్చింది. అమ్మాయి చక్కని గుండ్రటి రాత. పూత ఇరవై ఒకటో రోజు. నూట నలభై తొమ్మిది కాయల తొలగింపు. కారణం, పర్యవేక్షణ లోపం. బాధ్యత అన్నచోట ఆమె సంతకం. దాని కింద డైరెక్టరు ఆకుపచ్చ ఇంకుతో రాసిన ఒక ముక్క: 'పదోన్నతి సమీక్షలో పరిశీలించాలి.'

పేజీ పై నుంచి కిందికి రెండుసార్లు చదివాను. నా పేరు ఎక్కడా లేదు.

"అది పాత పేజీ నాన్నా. చివర్లో తియ్యండి," అంది అమ్మాయి. ఆ గదిలో తనే నాన్నా అని పిలిచిన సంగతి ఆమె గమనించినట్టు లేదు.

బాగుచేసిన గడియారం వారానికే ఆగిపోయి వెనక్కి వస్తే నేనేమనేవాణ్ణో నాకు తెలుసు. మీ ఒంటి చెమట అలాంటిదండీ అనేవాణ్ణి. ఎక్కడో పడేసినట్టున్నారండీ అనేవాణ్ణి. నా వల్లే ఆగిందని ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అనలేదు. ఈ పిల్లకి ఇది ఎవరు నేర్పారో కానీ నేను మాత్రం కాదు.

"పెన్ను ఇవ్వు," అన్నాను.

"దేనికి?"

"ఇవ్వు."

"రిజిస్టరులో కొట్టివేతలు ఉండకూడదు నాన్నా. అది ఆఫీసు కాగితం."

"కొట్టేయను."

పెన్ను ఇచ్చింది. ఆకుపచ్చ ఇంకు కింద రెండు గీతల ఖాళీ ఉంది. ట్యాగుల మీద రాసి రాసి నా అక్షరాలు చిన్నవైపోయాయి, పట్టాయి. 'మర్నాటికి ఉంచొద్దని మేడమ్ మొదటి రోజే చెప్పారు. నేను వినలేదు. ఈ కాయలు నా తప్పు.' కింద సంతకం పెట్టి, రిజిస్టరు ఆమె వైపు తిప్పాను.

ఆమె చదివింది. చాలాసేపు చదివింది, మూడు ముక్కలే అయినా. ట్రేల మీద లైట్లు సన్నగా గుయ్‌మంటున్నాయి. మొహం కిందికే ఉంచి, వేలితో నా సంతకం పక్కన చూపించింది.

"తేదీ వేయలేదు," అంది.

తేదీ వేశాను. పక్కన టైము కూడా వేశాను.